ఎర్రనీళ్ల ఇంటిపేరు

కొలుబారా ఏటి ఒడ్డున తొపోల్నిక్ ఊళ్లో ఎవరికైనా ఎర్రనీళ్లు పడుతున్నాయంటే ఏ డాక్టరుకు చూపించారని అడగరు, ఏ ఇంటివాళ్లని అడుగుతారు. యెలెనిచ్ వాళ్లు అని చెబితే టోపీ తీసి తల వంచుతారు, ఆపైన మాట పెంచరు. మూత్రపిండాల జబ్బు ఆ ఇంటికి అంత పాత చుట్టం. ఎదురింటివాళ్లు తాగేది అదే నూతి నీళ్లు, తినేది అదే రొట్టె, అయినా వాళ్ల ముసలాళ్లు కర్ర పట్టుకోకుండా చర్చికి నడిచి వెళ్తారు. యెలెనిచ్ ఇంట్లో మాత్రం మనిషి నడివయసు దాటాడంటే రక్తం శుద్ధి చేసే యంత్రం పక్కన మంచం వెతుక్కోవలసిందే. పూర్వం గోధుమల్లో కలిసిన ఏదో విషపు కలుపు గింజ చేసిన పని ఇదని డాక్టర్లు చెబుతారు. ఊరి దృష్టిలో అది ఇంటిపేరుతో పాటు వచ్చేది.

రదోయ్‌కా ఆ ఇంటి ఆడపడుచు. మొదట తండ్రికి, తర్వాత అన్నకు మంచం కింద పాత్ర మార్చింది ఆమే. జబ్బు తన జోలికి ఎందుకు రాలేదని ఆమె దేవుణ్ని నిలదీయలేదు. మిగిల్చాడంటే చేయించుకోవలసిన పని ఏదో ఉండి ఉంటుందనుకుంది. ఆ పని కళ్ల ముందే ఉంది. అన్న కూతురు సుంచిత్సకు తల్లి అంతకు ముందే లేదు. ఆ పిల్లకు జడలు వేసి, బడికి పంపి, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని పెంచింది. తన పెళ్లి మాట ఎత్తినవాళ్లతో, "నా కొంగుకు ఇప్పటికే ఒకతి వేలాడుతోంది, ఇంకొకరికి చోటు లేదు" అని నవ్వి పంపేసేది.

జిల్లా ఆసుపత్రిలో రోగులను ఎత్తి దించీ దించీ నడుము పడిపోయాక, నర్సు పని మాన్పించి ఆమెను కోడింగ్ గదిలో వేశారు. డాక్టరు రాసిన జబ్బు మాటకు ప్రపంచమంతా ఒప్పుకున్న అక్షరం, అంకె వెతికి కంప్యూటరులో ఎక్కించడం అక్కడి పని. ఆ గదిలో అప్పటికే ముసలిదైపోయిన లెపోసవా ఆమెకు పని నేర్పింది.

"చూడు పిల్లా, రోగి చెప్పేది లక్షణం, దాని వెనక దాక్కునేది కారణం. కారణం తెలిస్తే లక్షణానికి కోడు వేయకు. పొగ కనబడిందని కాదు, ఇల్లు తగలబడిందని వేయాలి."

"కారణం నాకు తెలిసి, డాక్టరు రాయకపోతే?"

"అప్పుడు నీకు తెలీదు."

మూత్రంలో రక్తం పడితే, ఎందుకో తెలియనంత కాలం ఆర్ ముప్పై ఒకటి. ఊరి జబ్బుకు ఎన్ పదిహేను సున్నా. లోకంలోని రోగాలన్నీ పట్టే ఆ లావు పుస్తకంలో బాల్కన్ నేల పేరు పెట్టుకున్న పంక్తి అది. "మన పేరు ప్రపంచానికి ఎక్కింది చూశావా, అదీ ఉచ్చపాత్ర దగ్గర" అనేది లెపోసవా. తొపోల్నిక్ జనానికి ఆ కోడు నోటికి వచ్చు. ఆసుపత్రి బల్లల మీద కూర్చుని, "మా ఆయనది పదిహేను సున్నా, మీవారిది?" అని రాశుల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవారు.

సుంచిత్సను బొగ్గు గనిలో యంత్రం నడిపే వోయిన్ చేసుకున్నాడు. జబ్బు ఎరగని ఇల్లు. అతని తల్లి స్తమేనా మొదట వెనకాడినా, తర్వాత పిల్ల చేతి రొట్టె తిని ఒప్పుకుంది. వోయిన్ మనిషి పొడగరి, మాట మెత్తన. పెళ్లిలో రదోయ్‌కా చేయి ముద్దుపెట్టుకుని, "ఇక మీరు నిశ్చింతగా ఉండండి అత్తయ్యా" అన్నాడు. ఆమె నిశ్చింతగానే ఉంది. సుంచిత్స వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటుంటే, పెళ్లయిన పిల్ల కదా, అణకువ అనుకుంది.

నవంబరు చివర్లో వోయిన్ ఇంట్లో పందిని కోశారు. ఆ రోజు చుట్టుపక్కల వాళ్లందరూ వచ్చి చేయి వేయడం ఆనవాయితీ. ఒకరు నీళ్లు కాచారు, ఒకరు కత్తులు నూరారు. నలుగురు మగవాళ్లు పందిని పక్కకు పడేసి మోకాళ్లతో అదిమి పట్టారు. వోయిన్ గొంతులో కత్తి దింపాడు. అరుపు మంచులోంచి ఏటి అవతలికి వెళ్లింది. సుంచిత్స గొంతు కింద బేసిన్ పట్టుకుని, పొగలు కక్కుతూ దూకుతున్న నెత్తురు గడ్డకట్టకుండా చేత్తో కలుపుతోంది. పేగుల్లో కూరి వండేందుకు ఆ నెత్తురంతా కావాలి. చచ్చిందనుకున్న పంది ఒక్కసారి తన్నింది. బేసిన్ ఎగిరి, నెత్తురంతా ఆమె మొహాన, బురదలో పడింది.

"వోయిన్, నీ పందికి నీ పెళ్లాం మీదే కోపంరోయ్" అన్నారెవరో. అందరూ నవ్వారు. వోయిన్ కూడా నవ్వాడు.

కాసేపటికి రదోయ్‌కా ఖాళీ ఉప్పు గిన్నె పట్టుకుని మాంసం పొగబెట్టే కొట్టం వైపు వెళ్లింది. దాని వెనక నుంచి, తడిసిన గోధుమ బస్తాను నేలకేసి కొట్టినట్టు ఓ చప్పుడు వినిపించింది. ఇంకోసారి. మూల తిరిగేసరికి వోయిన్ ఎదురొచ్చాడు.

"ఉప్పు ఇటు లేదు అత్తయ్యా, వంటింట్లో ఉంది" అన్నాడు మెత్తగా.

సుంచిత్స గోడ పక్కన మోకాళ్ల మీద ఉంది, కట్టెపుల్లలు ఏరుతున్నట్టు.

"ఏమైందే?"

"జారాను అత్తా."

ఆమె కోటు మీద వెనక, ఎడమ డొక్క దగ్గర బురద అంటుకుని ఉంది. బూటు అడుగున ఉండే గళ్లు ఆ బురదలో విడివిడిగా కనిపిస్తున్నాయి. రదోయ్‌కా అది చూసింది. అరచేత్తో ఆ బురద దులిపింది, చిన్నప్పుడు బడి నుంచి వచ్చిన పిల్లకు దులిపినట్టు, మరక పోయేదాకా.

మర్నాడు ఫోను వచ్చింది. "అత్తా, నాన్నకు వచ్చినట్టే వచ్చింది. ఎర్రగా."

రదోయ్‌కా గూట్లోని నికోలా సాధువు పటం ముందు కూలబడి ఏడ్చింది. కానీ ఆ ఏడుపు అడుగున ఓ మూల ఊరట కూడా ఉంది. జబ్బుకు దోషి ఉండడు. జబ్బు మనిషికి దిండు సర్దవచ్చు, చారు కాచి పెట్టవచ్చు. అది ఆమెకు చేతనైన పని.

ఆసుపత్రిలో డాక్టర్ పాంతెలిచ్ చూశాడు. ఎలా మొదలైందని అడిగితే సుంచిత్స ఒకసారి నిచ్చెన మీద నుంచి జారానంది, ఇంకోసారి అసలేమీ కాలేదంది. ఆయన మూత్రంలో రక్తమనీ, కారణం తెలియదనీ, వంశంలో ఊరి జబ్బు ఉందనీ రాశాడు. ఆ కాగితాలు రదోయ్‌కా బల్ల మీదికి వచ్చాయి. అలవాటున్న చేయి. తొపోల్నిక్, యెలెనిచ్, ఎర్రనీళ్లు. ఆర్ ముప్పై ఒకటి వేయవలసిన చోట ఆమె వేళ్లు వాటంతట అవే ఎన్ పదిహేను సున్నా కొట్టేశాయి. తొపోల్నిక్‌లో పుట్టని మనిషి ఆ పొరపాటు చేయదు. డాక్టరు మిగతావాటితో పాటు దాని కిందా సంతకం పెట్టాడు. సుంచిత్స ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చిన కాగితం మీద ఆ కోడే అచ్చయింది.

నికోలా సాధువు స్లావా వచ్చింది. ఇంటి సాధువు పండక్కి ఎవరూ ఎవరినీ పిలవరు, తెలిసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. వచ్చినవాళ్లను తిప్పి పంపే హక్కు ఇంటివాళ్లకు లేదు. మధ్యాహ్నానికి వోయిన్ ఇల్లు నిండింది. నిలువెత్తు మైనపు దీపం వెలుగుతోంది, పక్కన కోసి ద్రాక్షసారా చల్లిన పండుగ రొట్టె, తియ్యటి గోధుమ ముద్ద. ఉపవాసపు రోజులు కాబట్టి అంతా చేపలే, పాలు వెన్న తగలకూడదు. స్లావా రోజు ఇంటాయన కూర్చోకూడదు. వోయిన్ పొద్దున్నించీ అతిథుల వెనక నిలబడి గ్లాసులు నింపుతున్నాడు.

"కాళ్లు పీకడం లేదురా, అలా నిలబడి?" అని అతని మేనమామ వేళాకోళమాడాడు.

"నా కాళ్లకు పని ఉండాలి మావా. లేకపోతే దురద."

బల్ల చివర నుంచి ఓ ముసలాయన రదోయ్‌కాను పలకరించాడు. "మీ పిల్లకు కూడా వచ్చిందట కదమ్మా. ఇంత చిన్న వయసులోనా?"

ఆమె జవాబు వెతుక్కునేలోగా వోయిన్ అందుకున్నాడు. "పదిహేను సున్నా. వేసింది వేరెవరో కాదు, అత్తయ్యే. నేనేం చేయను, కాయ లోపల పుచ్చిందని తెలిసే కోసుకున్నాను." నవ్వులు. రదోయ్‌కా చెంచా కింద పెట్టేసింది.

సుంచిత్స అక్రోటు కేకు తెచ్చింది. అంచులో కూర్చున్న కోసారా అనే ముసలమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. అందులో వెన్న పడింది. పొద్దున్నించీ ఒక్కత్తీ వండుతున్న పిల్ల పొరపాటు. కోసారా పెద్దరికంగా, "బాగుందమ్మా, నాకు ఇంకో ముక్క" అంది. కానీ ఆవిడ ముఖం వోయిన్ చూడనే చూశాడు. గ్లాసు కింద పెట్టి, అందరికీ చిరునవ్వు పంచి, వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తడిసిన గోధుమ బస్తా చప్పుడు.

బల్ల దగ్గర మాటలు హఠాత్తుగా బిగ్గరయ్యాయి. ఒకాయన వాన గురించి, ఇంకొకాయన గని బస్సు గురించి. మేనమామ పాట ఎత్తుకున్నాడు. ఇంకో చప్పుడు. పాట ఇంకాస్త పైకి లేచింది. రదోయ్‌కా కుర్చీ వెనక్కి నెట్టి లేచి తలుపు తోసింది.

వోయిన్ సుంచిత్స జుట్టు చేతికి చుట్టుకుని, ఆమె చెంపను పొయ్యి అంచుకు అదిమి పట్టాడు. చర్మం కాలిన వాసన వస్తోంది. అదే డొక్కలో, అదే చోట తన్నుతున్నాడు. గొంతు పెంచకుండా, ఒక్కో తన్నుకు ఒక్కో మాట పలుకుతున్నాడు. "పదిహేను." తన్ను. "సున్నా." తన్ను. "అరవకు. అందరికీ తెలుసు, నీ ఇంటి జబ్బేనని. పదిహేను." తన్ను.

తను వేసిన కోడు అతని నోట్లో ఎందుకుందో రదోయ్‌కాకు అప్పుడు తెలిసింది. ఆ కాగితం వచ్చినప్పటి నుంచి అతనికి మరక భయం లేదు. ఎంత నెత్తురు పడినా అది యెలెనిచ్ వాళ్లదే అవుతుంది.

ఆమె పొయ్యి మీది ఇనుప మూత తీసి అతని మెడ మీద కొట్టింది. అతను వెనక్కి తిరిగి, ఆ చేతిని మూతతో సహా పట్టి మెలితిప్పాడు. ఎండుపుల్ల విరిగినట్టు ఎముక పలికింది. కట్టెల కుప్ప మీదికి విసిరేశాడు. సుంచిత్స గోడకు జారి కూర్చుంది. వాంతి చేసుకుంది. లంగా కింద నుంచి గచ్చు మీదికి ఎరుపు మెల్లగా పాకింది.

గుమ్మంలో స్తమేనా నిలబడి ఉంది. "బాబూ, సాధువు చూస్తున్నాడురా."

"చూడనీ."

స్తమేనా వెనక్కి వెళ్లింది. స్లావా దీపాన్ని పొద్దుగూకాక, ఇంటి మగవాడు ద్రాక్షసారాతో ఆర్పాలి. అది తానుగా ఆరిపోయినా అపశకునమే. ఆమె పట్టపగలు, అందరి కళ్ల ముందూ, వేళ్లతో వత్తిని నలిపి ఆర్పేసింది. పాట ఆగిపోయింది.

"ఈ ఇంట్లో పండుగ అయిపోయింది. లేవండి. ఆ పిల్లను బండెక్కించండి."

అందరూ లేచారు. దీపం లేని ఇంట్లో అతిథి అంటూ ఎవరూ ఉండరు, అక్కడున్నవాళ్లంతా సాక్షులు అయిపోయారు. మేనమామ, ఇంకో ఇద్దరూ వోయిన్‌ను గోడకు అదిమి పట్టారు. అతను ఒకరి మోచేతిని కొరికాడు. కోసారా తన పండుగ శాలువా తీసి కారు సీటు మీద పరిచి, "నెత్తురైతే ఉతుక్కుంటాలే, పడుకో తల్లీ" అని సుంచిత్స తల ఒళ్లో పెట్టుకుంది.

ఆసుపత్రిలో అత్తనూ మేనకోడలినీ పక్కపక్క మంచాల మీద, మధ్య ఓ తెర లాగి పడుకోబెట్టారు. నర్సు యాస్నా, రదోయ్‌కాతో కలిసి పనిచేసిన మనిషి, చేతికి చెక్క కడుతూ అడిగింది.

"ఏమైందక్కా?"

"మెట్ల మీద మంచు. జారాను."

ఆ మాట ఆమె ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసింది. ఇంటి పరువు, పండుగ రోజు, అల్లుడు, అన్నీ కలిసి ఆ ఒక్క మాటను నాలుక మీద సిద్ధంగా పెట్టాయి. అదే క్షణంలో తెర అవతల డాక్టర్ పాంతెలిచ్ అడుగుతున్నాడు. "అమ్మాయ్, ఇది ఎలా తగిలింది?"

"జారాను" అంది సుంచిత్స.

రెండు జారడాలూ ఒకే గొంతులా వినిపించాయి. పిల్ల ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో రదోయ్‌కాకు తెలిసింది. బురద దులిపిన చేయి ఇప్పుడు చెక్కల మధ్య కదలడం లేదు.

"యాస్నా, అది కొట్టేయ్" అంది, తెర అవతలికి వినిపించేలా. "నేను జారలేదు. వోయిన్ విరిచాడు. మా అల్లుడు. వంటింట్లో, నేను చూస్తుండగా పిల్లను తన్నుతుంటే అడ్డం వెళ్లాను."

యాస్నా చేతిలో పట్టీ ఆగింది. రదోయ్‌కా కళ్లు మూసుకుని, దేవుడా, ఇప్పుడు నా నోరు మాత్రమే నా చేతిలో ఉంది, పిల్లది నీ చేతిలో ఉంది అనుకుంది.

"నన్ను కూడా" అంది సుంచిత్స.

"ఏమిటమ్మా?"

"నన్ను కూడా వోయినే. ఇవాళా, పందిని కోసిన రోజూ. అంతకు ముందూ. నాకు మా నాన్న జబ్బు లేదు డాక్టరుగారూ. నన్ను తన్నితేనే ఎర్రగా పడుతుంది."

డాక్టరు ఏదో రాస్తున్న కలం చప్పుడు చాలాసేపు వినిపించింది.

డాక్టరు పిలిపించిన పోలీసులు రాకముందే వోయిన్ వచ్చాడు. బండి వెళ్లిపోయాక అతన్ని పట్టుకున్నవాళ్లు వదిలేశారు. తల దువ్వుకుని, పండుగ కోటు తొడుక్కుని వచ్చాడు. "మా ఆవిడ జబ్బు మనిషి, ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాను" అని తలుపు దగ్గర మర్యాదగా చెప్పాడు. తెర పక్కకు లాగి సుంచిత్స ముఖం చూడగానే చెప్పేసిందని గ్రహించాడు. చేతికి గుచ్చిన సూదిని పీకి, ఆమెను జుట్టు పట్టి మంచం మీద నుంచి ఈడ్చాడు. సెలైన్ సీసా పగిలి గచ్చు మీద పరచుకుంది. డాక్టరు అడ్డం వస్తే మోచేత్తో ముక్కు పగలగొట్టాడు. టీలు పంచుతూ వచ్చిన వార్డు బాయ్ మిలేటా, అరవై దాటిన సన్నటి మనిషి, పళ్లెం వదిలేసి వెనక నుంచి వోయిన్ మెడకు కోతిలా వేలాడాడు. వోయిన్ అతన్ని గోడకేసి కొట్టాడు. మిలేటా వదలలేదు. ఇంకోసారి కొట్టాడు. యాస్నా, ఇద్దరు రోగులు, ఓ రోగి భార్య కలిసి అతని కాళ్ల మీద పడ్డారు. పోలీసులు వచ్చి సంకెళ్లు వేసేటప్పటికి కూడా ఆ ముసలాడి చేతులు మెడ చుట్టూనే ఉన్నాయి.

అంతా అయ్యాక మిలేటా గచ్చు మీద కూర్చుని, నోట్లోంచి రాలిన పన్ను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"దీనికి ఏ కోడు రదోయ్‌కా చెల్లెమ్మా?"

"నీకూ వై నాలుగే అన్నా. పరాయి చేతి దెబ్బ."

"ఎన్ పదిహేను కాదా?"

ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడుపులోకి జారింది. మిలేటా ఎడమ చేత్తో తన తువ్వాలు అందించాడు.

సుంచిత్స ఎడమ మూత్రపిండం నిలవలేదు. ముక్కలైపోయిందని తీసేశారు. ఆపరేషన్ బల్ల మీద గుండె ఒకసారి ఆగి మళ్లీ కొట్టుకుంది. కుడిది నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. రదోయ్‌కా చేతికి సిమెంటు కట్టుతో ఆమె మంచం పక్కన కూర్చునేది. కూర్చోలేనప్పుడు కోసారా వచ్చేది, ఆవిడకు మోకాళ్ల నొప్పులైనా. వంటశాల నుంచి ఎవరో అడక్కుండానే వేడి చారు పంపేవారు.

పాంతెలిచ్ ముక్కు మీద పట్టీతో కోడింగ్ గదికి వచ్చాడు.

"ఆ వయసుకు ఆ జబ్బులో అలా నెత్తురు పడదని నాకు తెలుసు" అన్నాడు. "మీకూ తెలుసు."

"తెలుసు."

"పిల్ల నోరు తెరిచేదాకా ఆగుదామనుకున్నాను. మీరు వేసిన కోడు చదవకుండా సంతకం పెట్టాను. చదివి ఉంటే ఆ రోజే మిమ్మల్ని అడిగేవాణ్ని."

"అడిగి ఉంటే జారిందనే చెప్పేదాన్ని డాక్టరుగారూ."

ఆయన ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి పాతది తుడిచేశారు. రదోయ్‌కా శిలువ గుర్తు వేసుకుని ఎడమ చేతి వేలితో, ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టింది. ఎస్ ముప్పై ఏడు సున్నా, మూత్రపిండానికి గాయం. దాని కింద వై నాలుగు. ఆర్ ముప్పై ఒకటి వేయలేదు. కారణం తెలిసింది కదా.

వోయిన్‌కు కోర్టు జైలు శిక్ష వేసింది. ఊరు అంత త్వరగా ఒప్పుకోలేదు. స్లావా దీపం ఆర్పించిన ఆడది అని రదోయ్‌కాను అనేవాళ్లు అన్నారు. ఓ పొద్దున ఆమె గేటు ఊచకు పందిపిల్ల తల గుచ్చి ఉంది. కళ్లు పెరికేశారు, నెత్తురు కింది మంచులో గడ్డకట్టింది. ఆమె దాన్ని ఒంటిచేత్తో ఊడదీసి పెరట్లో పూడ్చి, వేడినీళ్లతో గేటు కడిగింది. ఎదురింటి ముసలాయన ఒక్క మాటైనా అడక్కుండా సుత్తి తెచ్చుకుని వంగిన ఊచ సరిచేసి వెళ్లాడు. ఇంకో రోజు స్తమేనా వచ్చింది. గోనెసంచిలో సుంచిత్స చలి బూట్లు, కోటు, తల్లి ఫోటో తెచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"కొడుకును చూడ్డానికి వెళ్తున్నాను వదినా. వాడు నా కడుపున పుట్టాడు. పిల్లను మాత్రం మళ్లీ వాడి కంట పడనీయకు."

ఆసుపత్రి నుంచి వచ్చాక సుంచిత్స రదోయ్‌కా ఇంట్లోనే, తన చిన్ననాటి గదిలో ఉంది. చెంప మీద పొయ్యి అంచు మచ్చ నల్లగా నిలిచింది. రాత్రుళ్లు తలుపు చప్పుడైతే లేచి కూర్చునేది. పగలు నీళ్లు తాగమంటే భయపడేది, తాగితే ఏం వస్తుందోనని. మిగిలిన ఒక్క మూత్రపిండం పని చేస్తోందా లేదా అన్నది ఆమె స్నానాల గదికి వెళ్లిన ప్రతిసారీ తేలవలసిన లెక్క. వెళ్లినప్పుడల్లా రదోయ్‌కా తలుపు బయట నిలబడి, జపమాల తిప్పుతున్నట్టు చేతికట్టు నుంచి ఊడిన పట్టీ కొస తిప్పుతూ ఉండేది. కొన్ని రోజులు గులాబి రంగు. కొన్ని రోజులు ముదురు పసుపు. సుంచిత్స బయటికి వచ్చి ఏమీ చెప్పేది కాదు, ముఖం చూసి తెలుసుకోవలసిందే.

ఓ పొద్దున లోపల నుంచి పిలిచింది. "అత్తా. లోపలికి రా."

రదోయ్‌కా తలుపు నెట్టింది. సుంచిత్స పాత్ర పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తోంది.

"చూడు. నాకు కనిపించిందే నీకూ కనిపిస్తోందో లేదో చెప్పు."

రదోయ్‌కా కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది. గడ్డి రంగు నీళ్లు. అడుగున పాత్ర గీతలు కూడా కనిపిస్తున్నాయి.

"శుభ్రంగా ఉందే."

"దీనికేం కోడు వేస్తావు?"

"దీనికి ఉండదు" అంది రదోయ్‌కా. "బాగున్నవాళ్లు మా గదికి రారు. ఒలకబోసేయ్, టీ చల్లారుతోంది."